లైన్ అంటే ముందు దారం, ఆ తర్వాతే గీత

పర్లాకిమిడి నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "మాది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు ఉద్యోగం పరీక్షలకి ఇంగ్లీషు చదువుతున్నాను. లైన్ అనే ఒక్క మాటకి డిక్షనరీలో పేజీ నిండా అర్థాలున్నాయి. ఇన్ లైన్, ఆన్ ద లైన్, అవుట్ ఆఫ్ లైన్, డౌన్ ద లైన్... బట్టీ పడుతున్నాను, రెండు రోజుల్లో పోతున్నాయి. పరీక్షలో అది కనబడితే చాలు, టెన్షన్. ఇంకోటి, మా తాతగారి పెట్టెలో ఆయన స్నేహితుడు రాసిన పాత ఉత్తరం ఒకటి దొరికింది. అందులో 'హార్డ్ లైన్స్' అని ఉంది. కఠినమైన గీతలు అని కాదనుకుంటాను. ఏమిటది సార్?"

బాబూ, మా మనవడి ఈడువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నేను రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం మన నౌపడా-గుణుపురం లైను మీదే గడిచింది. లైన్ అన్న మాట రోజుకి ఎన్నిసార్లు పలికి ఉంటానో లెక్కలేదు. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్ళూ ముందు నీలాగే బట్టీ పట్టేవాళ్ళు. ఆ పేజీ మూసెయ్. లైన్‌కి పేజీ నిండా అర్థాలు లేవు, ఒక్క దారం ఉంది.

మాటవరసకి అనడం లేదు, నిజంగా దారమే. లాటిన్‌లో అవిసె మొక్కని లీనుమ్ అంటారు. దాని కాండం నుంచి నార తీసి పేనిన దారం లీనెయా. లైన్ అక్కణ్ణుంచి వచ్చింది. లినెన్ బట్ట అదే నారతో నేసింది. షుగరు ఉన్నవాళ్ళు ఈమధ్య పొడి కొట్టి మజ్జిగలో కలుపుకుంటున్న అవిసె గింజలు ఇంగ్లీషులో లిన్‌సీడ్. (పెరట్లో ఉండే అవిసె చెట్టు, పూలు కూర వండుకునేది, అది వేరే జాతి. ఒక పేరుకి రెండు మొక్కలు. ఒక మాటకి నాలుగు అర్థాలుంటే కంగారు పడేవాళ్ళం మన భాషలో దీన్ని గమనించనే గమనించం.)

మీ వీధిలో ఎక్కడైనా గోడ కడుతుంటే కాసేపు నిలబడి చూడు. మేస్త్రీ ఇటొక మేకు, అటొక మేకు కొట్టి వాటి మధ్య దారం బిగిస్తాడు. వేలితో ఒకసారి మీటి చూస్తాడు, బిగువు సరిపోయిందా లేదా అని. అప్పుడు ఆ దారం వెంట ఇటుకలు పేరుస్తాడు. ఏదైనా ఇటుక పక్కకి జరిగితే "లైన్ తప్పింది" అంటాడు. రెండువేల ఏళ్ళనాటి లాటిన్ అర్థం ఆ మేస్త్రీ నోట్లో ఇంకా బతికే ఉంది. కాగితం మీద గీత తర్వాత వచ్చింది. మొదట ఉన్నది లాగి కట్టిన దారం.

ఆ దారం ఏమేం చేస్తోందో చూడు. ఈ కొసని ఆ కొసతో కలుపుతోంది. గోడ లోపలి వైపుని, బయటి వైపుని వేరు చేస్తోంది. ఇటుకలు దాని వెంట బారు తీరుతున్నాయి. ఎటు పోవాలో కూడా అదే చూపిస్తోంది. నీ డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ ఈ పనుల్లో ఏదో ఒకదాని కిందికే వస్తాయి. కొత్త వాక్యం ఎదురైతే "ఇక్కడ లైన్ అంటే ఏమిటి?" అని అడక్కు. "ఇక్కడ దారం ఏం చేస్తోంది?" అని అడుగు. కలుపుతోందా, విడదీస్తోందా, బారు తీరుస్తోందా, దారి చూపిస్తోందా?

నా ఉద్యోగం నుంచే మొదలెడతాను, నాకు బాగా తెలిసింది అదే.

రైల్వే లైను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మహారాజా వారు వేయించిన చిన్న రైలు దారి, రెండున్నర అడుగుల గేజి. తర్వాత 1931కి గుణుపురం దాకా సాగింది. 2004లో చిన్న రైలు ఆపేసి, పెద్ద గేజి వేసి 2011లో మళ్ళీ తెరిచారు. మొత్తం 90 కిలోమీటర్లు. ఇక్కడ లైన్ అంటే ఊరూ ఊరూ కలిపిన దారం, అంతే. ఆ దారాన్ని వదలకుండా పట్టుకుని ఇంకొన్ని మాటలు పుట్టాయి. డౌన్ ద లైన్ అంటే ఇంకా ముందుకు పోతే, కొన్నేళ్ళు గడిచాక అని. 'ఫైవ్ యియర్స్ డౌన్ ద లైన్' అంటే మరో అయిదేళ్ళకి అని. పట్టా మీద నిలబడి దూరంగా చూస్తున్నట్టు ఊహించుకో, ఇంక మరిచిపోవు. సమ్‌వేర్ ఎలాంగ్ ద లైన్ అంటే దారిలో ఎక్కడో, ఫలానా చోటని చెప్పలేం గానీ మధ్యలో ఎప్పుడో అని.

ఇప్పుడు నా పరువు తీసిన లైన్ సంగతి. అప్పుడు ట్రైనింగులో ఉన్నాను. సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క బండే ఉండాలి. అందుకని ఈ స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్ మాస్టరుని లైన్ క్లియర్ అడుగుతాడు. ఆయన సరే అంటే ఒక ప్రైవేట్ నంబరు చెబుతాడు. రెండంకెల నంబరు, అచ్చేసిన కాగితంలో వరసగా ఉంటాయి. చెప్పిన నంబరుని అక్కడే కొట్టేయాలి. ఒక వానాకాలం సాయంత్రం మా మాస్టారు టీ తాగడానికి పక్కకెళ్ళారు. ఫోను మోగింది. అవతల నుంచి "లైన్ క్లియర్?" అని వినబడింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పట్టా ఖాళీగా ఉంది, ఒక మేక తప్ప ఏమీ లేదు. "ఎస్ సార్, లైన్ క్లియర్" అన్నాను గర్వంగా. అవతల కొంచెంసేపు మౌనం. తర్వాత "నంబరు చెప్పు బాబూ" అన్నాడాయన. నంబరు ఏమిటో నాకు తెలీదు. మా మాస్టారు వచ్చి ఫోను లాక్కుని ఆయనతో మాట్లాడి, నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నంబరు చెప్పనిదే ఎన్ని ఎస్‌లు అన్నా లైన్ క్లియర్ ఇచ్చినట్టు కాదు కాబట్టి సరిపోయింది.

నేను చేసిన తప్పు ఇంగ్లీషు తప్పే. 'ద లైన్ ఈజ్ క్లియర్' అంటే పట్టా ఖాళీగా ఉంది అని, కళ్ళతో చూసి చెప్పే సంగతి. ఆయన అడిగిన 'లైన్ క్లియర్' ఒక నామవాచకం, అనుమతి పేరు. దాన్ని అడుగుతారు, ఇస్తారు, తీసుకుంటారు. 'క్లియర్ ద లైన్' అని తిరగేస్తే అది ఆర్డరు, పట్టా మీంచి తప్పుకోండి అని. అవే రెండు మాటలు చోటు మారితే మూడు పనులు. అందుకే మా పిల్లలకి చెబుతుంటాను, మాటకి అర్థం రాసుకోవద్దు, మాట పక్కన ఎవరు కూర్చున్నారో రాసుకోమని.

రైల్వే నుంచి బయటికొస్తే, మన ఊళ్ళో లైన్ అనగానే కరెంటు. మా పక్కింటి ఒడియావాళ్ళు కరెంటు పోతే "లైన్ చాలిగొలా" అంటారు, అంటే లైను వెళ్ళిపోయిందని. మనం "కరెంటు పోయింది" అంటాం. ఇంగ్లీషువాడు ఆ రెండూ అనడు. 'ద పవర్ ఈజ్ అవుట్' అంటాడు, లేదా 'పవర్ కట్' అంటాడు. 'ద లైన్ వెంట్' అని పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్ మాత్రం ఇంగ్లీషులోనూ లైన్‌మ్యాన్. ఆటలో గీత దగ్గర నిలబడి బంతి లోపలా బయటా అని చూసేవాడు లైన్స్‌మ్యాన్, మధ్యలో ఒక 'స్' చేరుతుంది. ఫుట్‌బాల్‌లో ఆయన పేరు 1996లో అసిస్టెంట్ రిఫరీగా మార్చారు.

ఫోను లైనులో మనవాళ్ళు చేసే తప్పు ఇంకోటి. "లైను దొరకలేదు" అనుకుంటూ 'ఐ డిడ్ నాట్ గెట్ ద లైన్' అంటారు. పై ఊరికి ఫోను చేయాలంటే ట్రంకు కాల్ కోసం పోస్టాఫీసులో గంటలకొద్దీ కూర్చున్న కాలం నుంచి మనకి ఆ పలుకుబడి వచ్చి ఉంటుంది. ఇంగ్లీషులో 'ఐ కుడ్ నాట్ గెట్ త్రూ' అనాలి. "లైను కట్ అయింది"కి 'వుయ్ గాట్ కట్ ఆఫ్' లేదా 'ద లైన్ వెంట్ డెడ్'. "లైన్లో ఉండండి" మాత్రం దాదాపు మాటకి మాటే, 'హోల్డ్ ద లైన్'. అవతల వేరేవాళ్ళతో మాట్లాడుతుంటే బ్రిటిష్‌వాడు ఎంగేజ్డ్ అంటాడు, అమెరికన్ బిజీ అంటాడు. మనం పూర్వం ఎంగేజ్ అనేవాళ్ళం, ఇప్పుడు బిజీ అంటున్నాం. మనకీ దొర మారాడు.

లైను లైను అంటున్నాం గానీ, బట్టలోపల ఉండే లైన్ సంగతి డిక్షనరీలో క్రియ కింద విడిగా ఉంటుంది, పిల్లలు అక్కడిదాకా చదవరు. మీ అమ్మగారు జాకెట్టు కుట్టించేటప్పుడు టైలరు "లైనింగ్ వెయ్యాలా అమ్మా?" అని అడుగుతాడు కదా. ఒకప్పుడు కోటు లోపలి వైపు లినెన్ గుడ్డ వేసి కుట్టేవారు. లోపల లినెన్ వేయడమే లైన్ చేయడం. తర్వాత ఏ గుడ్డ వేసినా ఆ పేరే నిలిచింది. లోపలి పక్క అతికించేది ఏదైనా లైనింగే. బండి బ్రేకులకి బ్రేక్ లైనింగ్, కడుపు లోపలి పొరకి స్టమక్ లైనింగ్. 'టు లైన్ వన్స్ పాకెట్స్' అంటే జేబులోపల డబ్బుతో అస్తరు వేసుకోవడం, అంటే అడ్డదారిలో సంపాదించడం. మన భాషలో "జేబులు నింపుకోవడం". గీతతో దీనికి సంబంధం లేదు, అందుకే గీత అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇక్కడ తికమక పడతారు. అవిసె నార గుర్తుపెట్టుకున్నవాళ్ళు పడరు.

ఇంకో కుర్రాడి సంగతి చెబుతాను, పేరెందుకులే. గుంటూరులో గది తీసుకుని కోచింగ్ చేశాడు. అక్కడి బ్రాడీపేటలో వీధులకి పేర్లుండవు, ఒకటో లైను, రెండో లైను, వాటికి అడ్డంగా అడ్డరోడ్లు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు, చిరునామా అయిపోయింది. ఏదో కంపెనీ ఇంటర్వ్యూలో పెద్దాయన "వాట్ లైన్ ఆర్ యూ ఇన్?" అని అడిగాడట. మనవాడు ఠక్కున "ఫోర్త్ లైన్ సార్, బ్రాడీపేట" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆయన అడిగింది నువ్వు ఏ పనిలో ఉన్నావని. లైన్ ఆఫ్ వర్క్, అంటే చేసుకునే వృత్తి. తెలుగులో మనమూ "వాడు సినిమా లైన్లో ఉన్నాడు", "ఇది నా లైను కాదు" అంటాం కదా, మరి వాడికి ఎందుకు తట్టలేదు? రోజూ వీధి లైన్లో తిరుగుతున్నాడు కాబట్టి బుర్రలో ఆ లైనే పైన ఉంది. ఉద్యోగం ఆ ఒక్క జవాబు వల్ల పోయిందని నేను అనుకోను, వాడు మాత్రం అలాగే అనుకుంటాడు.

క్యూ లైను గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రేషన్ షాపు ముందు నిలబడేదాన్ని మనం లైను అన్నా క్యూ అన్నా చెల్లుతుంది. అమెరికాలో లైన్, ఇంగ్లండులో క్యూ. 'స్టాండ్ ఇన్ లైన్' అనాలి. న్యూయార్కువాళ్ళు మాత్రం 'ఆన్ లైన్' అంటారు, అది వాళ్ళ ఊరి అలవాటు, పరీక్షకి పనికిరాదు. 'నెక్స్ట్ ఇన్ లైన్' అంటే తర్వాతి వంతు ఎవరిదని. రాజు తర్వాత సింహాసనం ఎవరిదనే చోట కూడా అదే మాట.

ఇక్కడే మన "వరస" గుర్తుకొస్తుంది. లైన్‌కి తెలుగులో సరైన జోడీ గీత కాదు, వరస. ఎంత దగ్గరో చూడు. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళది వరస. పెళ్ళి సంబంధం అడిగితే "వరస కుదరదు" అంటాం, అక్కడ వరస అంటే చుట్టరికం. ఇంగ్లీషులో 'మేల్ లైన్', 'ఎ లాంగ్ లైన్ ఆఫ్ టీచర్స్' అన్నప్పుడు ఉన్నది అదే, తాత నుంచి మనవడి దాకా లాగిన దారం. పాటకి వరస కట్టడం ఉంది. ఇంగ్లీషులో మెలొడీ లైన్ అంటారు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది "ఇదేం వరస?" అన్న మాట. పెద్దవాళ్ళ ముందు ఎవడైనా నోరు జారితే మా అమ్మ అనేది. ఇంగ్లీషులో దానికి సరిగ్గా 'దట్ వాజ్ అవుట్ ఆఫ్ లైన్'. డిక్షనరీలో "అనుచితమైన ప్రవర్తన" అని చూసి ఎంతమంది బట్టీ పట్టారో. "ఇదేం వరస?" అని ఒక్కసారి పక్కన రాసుకో, ఇంక వదలదు.

అలాగని అన్నిచోట్లా వరసని లైన్ చేసేయకు. "వరసగా మూడు రోజులు వాన" అన్నదాన్ని 'త్రీ డేస్ ఇన్ ఎ లైన్' అంటే తప్పు. అక్కడ 'ఇన్ ఎ రో' అనాలి. ఇలాంటివి రూలుతో రావు, చెవితో రావాలి. మన ఊళ్ళో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడ మేష్టారుగా చేరి, కొండల్లో సవర గిరిజనుల మాట నేర్చుకున్నది పుస్తకం ముందు పెట్టుకుని కాదు. అప్పటికి ఆ భాషకి పుస్తకమే లేదు. మనుషులు ఏ మాట ఎక్కడ అంటున్నారో విని రాసుకున్నారు. నువ్వు రోజూ ఇంట్లో ఒకటి, బజారులో ఒకటి మాట్లాడుతున్నావు. ఒడియాలో బారు తీరితే ధాడి అంటావు, కాగితం మీద గీస్తే గార అంటావు, ఏది ఎక్కడో ఎవరైనా నేర్పారా? మూడో భాషకి మాత్రం భయపడుతున్నావు.

విడదీసే లైను దగ్గరికి వస్తే, అది మనకి ఇంకా బాగా తెలిసి ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయాయి. ఇళ్ళు ఇటు, చుట్టాలు అటు. మన రైలుబండి నౌపడాలో బయల్దేరి గుణుపురం చేరేలోపు రాష్ట్రం మారుతుంది, కిటికీలోంచి చూస్తున్నవాడికి ఏ గీతా కనబడదు. మ్యాపు మీద గీసినవాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి: 1893 డ్యురాండ్ లైన్, 1914 మెక్‌మహాన్ లైన్, 1947 ర్యాడ్‌క్లిఫ్ లైన్, 1972 సిమ్లా ఒప్పందంతో వచ్చిన లైన్ ఆఫ్ కంట్రోల్. జనరల్ నాలెడ్జిలో ఇవి ఎలాగూ చదువుతావు. అదే హద్దు మాటల్లోకి వస్తే 'టు డ్రా ద లైన్', ఇంతవరకే, ఇంకపైన కుదరదు అని. "అప్పిస్తాను గానీ హామీ సంతకం పెట్టను, అక్కడ ఐ డ్రా ద లైన్." దాన్ని మీరితే 'క్రాస్ ద లైన్'. మనమూ "గీత దాటొద్దు" అంటాం. డాక్టరు "షుగరు బోర్డర్‌లైన్‌లో ఉంది" అంటే వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు, హద్దు మీద నిలబడింది. బోర్డర్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ మాట వివరించాలా?

'టో ద లైన్' కూడా ఇందులోదే. ఇక్కడ టో అంటే కాలివేలు. పరుగుపందెంలో గీత మీద బొటనవేలు ఆనించి నిలబడతారే, అలా. పైవాడు చెప్పినదానికి కట్టుబడి ఉండటం అని అర్థం. పార్టీ ఎమ్మెల్యేల గురించి పేపర్లో రోజూ వస్తుంది. మనవాళ్ళు "గీసిన గీత దాటడు" అంటారు. తాడుకట్టి బండిని లాగే 'టో' వేరు, పలకడం ఒకటే గానీ స్పెల్లింగు వేరు. చదువుకున్నవాళ్ళు కూడా దాన్ని రాసి దొరికిపోతుంటారు. పరీక్షలో ఇస్తే దీన్నే ఇస్తారు.

డెడ్‌లైన్ అనే మాట నువ్వు అప్లికేషను పెట్టే ప్రతిసారీ చూస్తావు. అది పుట్టిన చోటు మంచిది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని యాండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల జైలుండేది. ప్రహరీకి లోపలగా, దాదాపు 19 అడుగుల దూరంలో, ఒక కర్రల కంచె లాంటిది వేశారు. ఖైదీ దాన్ని దాటినా, ముట్టుకున్నా కాపలావాడు కాల్చేసేవాడు. దాని పేరు డెడ్ లైన్. తర్వాత అచ్చాఫీసుల్లో, పేపరాఫీసుల్లో గడువు అనే అర్థంలోకి వచ్చింది. ఫీజు కట్టే ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకి సర్వర్ తిరుగుతుంటే మా పిల్లలు పడే అవస్థ చూస్తే, పాత అర్థం పూర్తిగా పోలేదేమో అనిపిస్తుంది.

రాసేదీ చదివేదీ కూడా లైనే, అక్షరాలు బారు తీరిన దారం. 'డ్రాప్ మీ ఎ లైన్' అంటే "రెండు ముక్కలు రాసి పడెయ్" అని. 'రీడ్ బిట్వీన్ ద లైన్స్' అంటే రాయనిది కనిపెట్టడం. నాటకంలో నటుడు మాట్లాడేవి 'హిజ్ లైన్స్'. మనం డైలాగు మరిచిపోయాడంటాం, ఇంగ్లీషులో 'హి ఫర్‌గాట్ హిజ్ లైన్స్' అనాలి. లెక్కల కాగితంలో అడుగున ఉండే ఆఖరి లైను బాటమ్ లైన్, అక్కడ లాభమో నష్టమో తేలిపోతుంది. అందుకే చివరికి తేలింది ఏమిటంటే అనే చోట దాన్ని వాడతారు.

కష్టపెట్టేవి మాత్రం చిన్న మాటలు, ఇన్, ఆన్ లాంటివి. ఆన్ ద లైన్ రెండుచోట్ల రెండు రకాలు. 'యువర్ ఫాదర్ ఈజ్ ఆన్ ద లైన్' అంటే నాన్నగారు ఫోనులో ఉన్నారు. 'హిజ్ జాబ్ ఈజ్ ఆన్ ద లైన్' అంటే ఉద్యోగం పోయేట్టుంది. మధ్యలో 'ద' తీసేసి కలిపి రాస్తే ఇంటర్నెట్టు. 'ఇన్ లైన్ విత్' అంటే దానికి తగ్గట్టుగా, మేస్త్రీ దారానికి ఇటుక సరిపోయినట్టు: 'ఇన్ లైన్ విత్ ద రూల్స్'. 'ఎలాంగ్ ద సేమ్ లైన్స్' అంటే అదే ధోరణిలో. ఇక్కడ లైన్స్ బహువచనం, అది మరిచిపోకు. 'హుక్, లైన్ అండ్ సింకర్' అని ఒకటుంది, చేప గాలాన్నీ దారాన్నీ సీసం గుండునీ కూడా మింగేసిందట. ఎవడైనా ఒక అబద్ధాన్ని మొత్తంగా నమ్మేస్తే అంటారు. క్రికెట్‌లో లైన్ అండ్ లెంగ్త్ నీకే బాగా తెలుసు, నేను చెప్పేదేం లేదు.

ఇక అడగడానికి మొహమాటపడి నువ్వు వదిలేసినది, మా అరుగు మీద ప్రతి బ్యాచిలోనూ ఎవడో ఒకడు అడిగేది: "లైన్ వేయడం" ఇంగ్లీషేనా సార్? కాదు. అది పూర్తిగా మన సరుకు, హిందీలోనూ ఉంది. 'పుట్టింగ్ లైన్' అంటే ఇంగ్లీషువాడు తీగ లాగుతున్నావనుకుంటాడు. వాళ్ళు 'హిటింగ్ ఆన్' అంటారు, లేదా ఫ్లర్ట్ చేయడం అంటారు. అయితే అమ్మాయితో మాట కలపడానికి ముందే తయారుచేసుకుని వెళ్ళే ఒక్క వాక్యాన్ని పికప్ లైన్ అంటారు, ఆ లైను మాత్రం వాళ్ళదే. రెండూ పరీక్షలో రావు.

రోజుకి ఒక్క వాక్యం చాలు. పేపర్లోనో ఫోన్లోనో లైన్ కనబడితే ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసుకో, పక్కన మన ఇళ్ళల్లో ఆ సందర్భంలో ఏమంటామో తెలుగులోనో ఒడియాలోనో రాయి. అర్థం రాయకు. నెల రోజులు చేస్తే మళ్ళీ నన్ను అడగనక్కర్లేదు.

మీ తాతగారి ఉత్తరం సంగతి. ఇంగ్లీషు బైబిలు పాత తర్జుమాలో, 1611 నాటిది, పదహారో కీర్తనలో లైన్స్ అనే మాట ఉంది. అక్కడ అది భూమి కొలిచే తాళ్ళు. తాడు వేసి కొలిచి పంచిన భాగం అన్నమాట. తెలుగు బైబిలులో ఆ చోట "పాలు" అని ఉంటుంది, అన్నదమ్ముల పాలు అంటామే, ఆ పాలు. మీ వీధిలో చర్చికి వెళ్ళేవాళ్ళుంటే అడిగి చూడు, చూపిస్తారు. 'హార్డ్ లైన్స్' అన్నప్పుడు కూడా ఈ పాలునే మనసులో పెట్టుకో. నీ పాలిట ఇలా వచ్చిందే, అయ్యో, కలిసిరాలేదు అని ఓదార్పు. పాతకాలం బ్రిటిష్‌వాళ్ళ మాట, ఇప్పుడు 'హార్డ్ లక్' అంటున్నారు. చివర 'స్' లేకుండా 'హార్డ్ లైన్' అంటే మాత్రం మొండిపట్టు, అది వేరు. మీ తాతగారికి ఆ ఏడాది ప్రమోషను రాలేదో, పరీక్ష పోయిందో, ఏదో జరిగే ఉంటుంది. ఉత్తరం మీద తారీఖు చూసి మీ నాన్నమ్మగారిని అడుగు, ఆవిడకి గుర్తుంటుంది.